పద్నాలుగు అంకెల పహరా

‘సి’ షిఫ్టు అంటే ఏమిటో జంషెడ్‌పూర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. రాత్రి పది గంటల డ్యూటీకి టిఫిన్ డబ్బాతో బయలుదేరిన ఇంటి పెద్ద మరునాటి ఉదయం ఆరు దాటిన తరువాత గాని గుమ్మం తొక్కడు. 1907లో ఉక్కు సంస్థ ఏర్పడి, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల చెంత సాక్చీ గ్రామం నగరంగా మారిన నాటి నుండి ఈ షిఫ్టుల జీవితం తరతరాలుగా సాగుతూనే ఉన్నది. ఉత్తర కోస్తా జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకొన్న మన తెలుగువారికి కూడా ఇది అలవాటైన జీవితమే.

వెనుకటి తరం వారు ఆ రాత్రి వేళ చేసిన పనులలో ఒకటి బేరింగు చూడటం. పెద్ద మోటారు ఇరుసు తిరిగే చోట బేరింగు పెట్టె మీద అరచేయి ఆనించేవారు. చేయి ఓర్చుకోగలిగితే సరే, లేకపోతే వెంటనే మేస్త్రీకి కబురు. ఆ వేడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో యంత్రశాలలో పనిచేసిన వారికి చెప్పనవసరం లేదు. కందెన పలుచబడుతుంది, బేరింగు పట్టేస్తుంది, ఇరుసు గీతలు పడుతుంది. ఆ ఒక్క మోటారు ఆగితే దాని వెనుక ఉన్న వరుస మొత్తం ఆగుతుంది. అదృష్టం బాగులేని రోజున మంట కూడా లేస్తుంది.

నేడు ఆ అరచేయి చేసిన పనిని ఒక ఉష్ణమాపకం, దాని వెనుక గోరంత సిలికాన్ పలక చేస్తున్నాయి. “ఫరవాలేదు, కంప్యూటరు చూసుకుంటుంది” అనే మాట మన కర్మాగారాలలో ఇప్పుడు సర్వసాధారణం. అయితే ‘చూసుకోవటం’ అంటే ఏమిటి? ఆ పలక లోపల నిజంగా జరిగేది ఏమిటి? మోటారు అంటే ఏమిటో, మంట అంటే ఏమిటో తెలియని వస్తువు కాపలా ఎలా కాస్తుంది? ఈ విషయాన్ని మన ఉద్యోగులకే గాక వారి ఇంటివారికి కూడా అర్థమయ్యేలా వివరించటానికి మేము ఇక్కడ ప్రయత్నిస్తాము.

నేటి అతివేగ ప్రాసెసర్‌ను ఉదాహరణగా తీసుకుంటే కథ చిక్కుపడుతుంది. కావున పాతదే అయినా తేటగా ఉండే ఒక చిప్‌ను ఎన్నుకొన్నాము. 1976లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8085 అది. సుమారు 6,500 ట్రాన్సిస్టర్లు, 40 కాళ్లు గల నల్లని బిళ్ల. మన పిల్లలు ఆదిత్యపూర్‌లో చదివినా, కాకినాడలో చదివినా, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఎర్రని అంకెలు వెలిగే ఒక ‘కిట్’ ముందు కూర్చొని మీటలు నొక్కిన వారైతే, వారికి ఈ చిప్‌తో పరిచయం ఉండే ఉంటుంది. ఇంట్లో అటువంటి వారుంటే ఈ వ్యాసం చదివేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. వారికి కూడా పాత పాఠం గుర్తుకు వస్తుంది.

ప్రాసెసర్ ముందు ఉన్న సమస్య చిన్నది. బేరింగు వేడి 0 నుండి 255 వరకు గల ఒక అంకెగా మారి, 16వ నంబరు ద్వారం వద్ద సిద్ధంగా ఉంటుంది. అది 200 కంటే తక్కువగా ఉన్నంతవరకు ఏమీ చేయనవసరం లేదు. 200కు చేరితే 17వ నంబరు ద్వారానికి 1 అనే అంకె పంపాలి. ఆ ద్వారానికి ప్రమాదగంట తగిలించి ఉన్నది. ఈ పని చేయించటానికి మెమరీలో వరుసగా పద్నాలుగు అంకెలు ఉంచితే చాలు.

219, 16, 254, 200, 218, 0, 32, 62, 1, 211, 17, 195, 0, 32.

ఇదే ప్రోగ్రాం. ఇంతకంటే మరేమీ లేదు. మెమరీని నంబర్లు వేసిన గదుల వరుసగా ఊహించుకోవచ్చు. గదికి ఒక అంకె. మన మొదటి అంకె 8192వ గదిలో, చివరి అంకె 8205వ గదిలో ఉన్నాయనుకుందాం.

ప్రాసెసర్ లోపల మూడు భాగాలు మనకు ముఖ్యం. ఒకటి ప్రోగ్రాం కౌంటర్. తరువాత ఏ గదికి పోవాలో ఆ గది నంబరు అందులో ఉంటుంది. రెండవది అక్యుములేటర్. చేతిలో పట్టుకొన్న అంకె అందులో ఉంటుంది, ఒకసారికి ఒకటే. మూడవది ఫ్లాగ్‌ల వరుస, అంటే జరిగిన లెక్కకు గుర్తుగా లేచే, వాలే చిన్న జెండాలు. వీటన్నింటినీ కలిపి నడిపించేది క్లాక్. మన చిప్‌లో అది సెకనుకు 30 లక్షల సార్లు కొట్టుకుంటుందని అనుకుందాం.

ఇక పని మొదలు. కౌంటర్‌లో 8192 ఉన్నది. ప్రాసెసర్ ఆ గది తెరిచి 219ని తెచ్చుకుంటుంది, వెంటనే కౌంటర్ 8193 అవుతుంది. 219 అనగా ‘తరువాతి గదిలో ఉన్న నంబరు గల ద్వారం నుండి ఒక అంకెను లోనికి తీసుకో’ అని అర్థం. తరువాతి గదిలో 16 ఉన్నది. ద్వారం వద్ద వేడి 187గా నిలిచి ఉన్నదనుకుందాం. ఆ 187 అక్యుములేటర్‌లోకి వస్తుంది. ఒక ఆదేశం ముగిసింది.

కౌంటర్ ఇప్పుడు 8194. అక్కడ ఉన్నది 254. ‘చేతిలోని అంకెను తరువాతి గదిలోని అంకెతో పోల్చు’ అని దాని భావం. పోల్చటం అంటే ప్రాసెసర్‌కు తెలిసిన మార్గం తీసివేత ఒక్కటే. 187 నుండి 200 తీసివేయబోతుంది, చాలదు, అప్పు తెచ్చుకోవలసి వస్తుంది. అప్పు తెచ్చిన గుర్తుగా ‘క్యారీ’ అనే జెండా లేస్తుంది. తీసివేత ఫలితాన్ని మాత్రం పారవేస్తుంది. చేతిలో 187 చెక్కుచెదరదు, జెండా ఒక్కటే మిగులుతుంది. తరువాతి ఆదేశానికి ఈ ప్రపంచం గురించి అందే వార్త ఆ ఒక్క జెండాయే.

తరువాత 218. ‘క్యారీ జెండా లేచి ఉంటే, తరువాతి రెండు గదులలో ఉన్న చిరునామాకు పో’ అని ఆదేశం. ఆ రెండు గదులలో 0, 32 ఉన్నాయి. చిరునామాలో చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనుక వ్రాయటం ఇంటెల్ ఆచారం. 32ను 256తో హెచ్చించి 0 కలిపితే 8192. అదే మనం బయలుదేరిన గది. జెండా లేచి ఉన్నది కాబట్టి కౌంటర్‌లోకి 8192 ఎక్కుతుంది. ‘వెనుకకు పోవటం’ అంటే అంతే, కౌంటర్‌లోని అంకె మారటం. గానుగెద్దు వలె ప్రాసెసర్ మళ్ళీ మొదటికి వచ్చింది.

ఒకనాటి రాత్రి వేడి పెరిగి 207 అయిందనుకుందాం. 207 నుండి 200 తీసివేయటానికి అప్పు అవసరం లేదు. జెండా లేవదు. 218 తన షరతు నెరవేరలేదని ఊరకుంటుంది. కౌంటర్ ముందుకు నడిచి 8199కి చేరుతుంది. అక్కడి 62, 1 అనే జంట చేతిలో 1 పెడుతుంది. 211, 17 అనే జంట ఆ 1ని గంట ద్వారానికి పంపుతుంది. గంట మోగుతుంది. 195, 0, 32 అనేవి ఏ షరతూ లేకుండా మళ్ళీ మొదటికి పంపుతాయి. ఒకసారి మోగిన గంటను ఆపే ఆదేశం ఈ పద్నాలుగింటిలో లేదు. మనిషి వచ్చి, చూసి, మీట నొక్కి ఆపాలి. మంచి కర్మాగారాలలో పద్ధతి కూడా అదే.

తొమ్మిది మైక్రోసెకన్లు

వేడి మామూలుగా ఉన్నప్పుడు ఒక చుట్టుకు పట్టే కాలాన్ని లెక్క వేద్దాం. ద్వారం నుండి తీసుకొనే ఆదేశానికి 10 క్లాక్ స్పందనలు, పోల్చటానికి 7, వెనుకకు పోవటానికి 10, మొత్తం 27. సెకనుకు 30 లక్షల స్పందనలు కాబట్టి, చుట్టుకు తొమ్మిది మైక్రోసెకన్లు. సెకనుకు లక్షా పదకొండు వేల సార్లకు పైగా బేరింగును చూస్తున్నదన్నమాట. వేడి ఉక్కు పట్టీ రోలింగ్ మిల్లు చివర సెకనుకు పది మీటర్ల వేగంతో వస్తున్నదనుకుంటే, ఒక చుట్టు పూర్తయ్యే లోపల అది కదిలేది 0.09 మిల్లీమీటరు.

ఈ 27 స్పందనలను విడదీసి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఉష్ణమాపకాన్ని నిజంగా చదవటానికి పట్టేది మూడు స్పందనలే. మిగిలిన 24 స్పందనలూ ‘ఏమి చేయాలి’ అని మెమరీ గదులు తెరిచి తెలుసుకోవటానికే సరిపోతున్నాయి. తొమ్మిది మైక్రోసెకన్లలో ఒకటి పనికి, ఎనిమిది ఆదేశాలు తెచ్చుకొని గ్రహించటానికి! ఆఫీసు ఫైళ్లతో పరిచయం ఉన్న పాఠకులు ఇక్కడ చిరునవ్వు నవ్వితే మేము ఆక్షేపించము.

గత అర్ధశతాబ్దిలో ప్రాసెసర్ల నిర్మాణంలో వచ్చిన మార్పులలో పెద్ద భాగం ఈ ఎనిమిది మైక్రోసెకన్ల మీద జరిగిన యుద్ధమే. 1978లో వచ్చిన 8086 చిప్, ఒక ఆదేశం అమలవుతుండగానే తరువాతి ఆరు బైట్ల వరకు ముందుగా తెచ్చి పెట్టుకోవటం మొదలుపెట్టింది. 1989 నాటి 486లో మెమరీలోని కొంత భాగాన్ని చిప్ లోపలనే నిల్వ ఉంచుకొనే ‘క్యాష్’ వచ్చింది. ఒక ఆదేశం అమలవుతుండగా రెండవదాని అర్థం విప్పుతూ, మూడవదాన్ని తెచ్చుకొనే ‘పైప్‌లైన్’ పద్ధతి కూడా అందులో ఉన్నది. తరువాతి చిప్‌లు మరొక అడుగు ముందుకు వేశాయి. షరతు తేలకముందే, జరగబోయేది ఊహించి ఆ దారిన ముందుకు పోవటం నేర్చుకొన్నాయి. మన ప్రోగ్రాంను అటువంటి చిప్‌కు ఇస్తే, వేలసార్లు వెనుకకే పోయిన 218 ఈసారి కూడా వెనుకకే పోతుందని ఊహిస్తుంది. ఆ ఊహ నెలల తరబడి నిజమవుతూనే ఉంటుంది. బేరింగు వేడెక్కిన రాత్రి మాత్రం తప్పుతుంది! అప్పుడు తప్పుదారిన చేసిన పనిని రద్దు చేసి సరైన దారికి వస్తుంది. పోయేది లెక్కకు రానంత కాలమే. అయినా, ఎంత కాలం పడుతుందో ముందుగా ఖచ్చితంగా చెప్పగలిగిన నిదానపు చిప్‌నే కంట్రోల్ ఇంజనీర్లు ఎందుకు మెచ్చుకుంటారో దీనిని బట్టి గ్రహించవచ్చు. మా అభిప్రాయం కూడా వారి పక్షమే.

అంకె ఎప్పుడు ఆజ్ఞ అవుతుంది?

పై పద్నాలుగు అంకెలను మరొకసారి చూడండి. అందులో 219 ఆజ్ఞ, 200 హద్దు, 32 చిరునామాలో భాగం. కాని వాటి ముఖాన అలా వ్రాసి లేదు. మెమరీలో అన్నీ అంకెలే. ఆజ్ఞలను, లెక్కకు కావలసిన అంకెలను ఒకే మెమరీలో కలిపి ఉంచవచ్చుననే ఈ భావనను 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ ఒక నివేదికలో విశదీకరించారు. 1948 జూన్ 21న మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అది తొలిసారి ఎలక్ట్రానిక్ యంత్రంలో ఆచరణకు వచ్చింది. పదిహేడు ఆదేశాల ఆ ప్రోగ్రాం 2,62,144 అనే సంఖ్యకు పెద్ద కారణాంకం వెదకి, 52 నిమిషాలలో, సుమారు 35 లక్షల చిన్న లెక్కలు చేసి, 1,31,072 అని జవాబు చెప్పింది. సగం అని మన పిల్లలు నోటితో చెప్పగలరు. కాని అక్కడ పరీక్ష లెక్కకు కాదు, యంత్రానికి.

అదే భావన మన దేశపు యంత్రాలకు కూడా పునాది. ఇందులో తెలుగునాటి పాత్ర చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటర్‌ను ఉత్పత్తి చేసింది. 1969 నాటి ఆ యంత్రం పన్నెండు బిట్ల మాటలతో పనిచేసేది. తరువాత టి.డి.సి.-312, పదహారు బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. జంషెడ్‌పూర్‌కు చేరువలోని జాదూగూడ గనులను నడిపే యురేనియం కార్పొరేషన్ కూడా అదే 1967లో, అదే అణుశక్తి విభాగం క్రింద ఏర్పడింది. ఇక్కడి గని నుండి వచ్చిన ఖనిజసారం హైదరాబాద్‌లోని ఇంధన సముదాయానికి చేరుతుంది. వరుసకు అన్నదమ్ములైన ప్రభుత్వరంగ సంస్థలన్నమాట. ఇక ప్రాసెసర్ చిప్‌నే స్వదేశంలో రూపొందించే కృషిలో మద్రాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’, 2025లో అంతరిక్ష సంస్థ ప్రయోగవాహనాల కోసం వెలువడిన 32 బిట్ల ‘విక్రమ్’ పేర్కొనదగినవి.

తిరిగి మన అంకెల వద్దకు వద్దాం. ఒక అంకె ఆజ్ఞా, హద్దా అన్నది నిర్ణయించేది దాని వద్దకు ప్రాసెసర్ ఏ దారిన వచ్చిందన్న దానిని బట్టి మాత్రమే. 254 చదివిన తరువాత 8195వ గదికి వస్తే, అక్కడి 200 బేరింగు వేడికి హద్దు. అట్లా కాక, ఏదో కారణం చేత కౌంటర్ తిన్నగా 8195కే వచ్చి వాలిందనుకోండి. 8085 భాషలో 200 కూడా ఒక ఆజ్ఞే. ‘జీరో జెండా లేచి ఉంటే, ఇదివరలో దాచిన చిరునామాకు తిరిగి పో’ అని దాని అర్థం. మనం ఏ చిరునామాను దాచలేదు. దాచిన చోట ఏ చెత్త ఉంటే దానినే చిరునామాగా నమ్మి ప్రాసెసర్ అక్కడికి పోతుంది. ఆ చిప్‌కు 256 అంకెలలో 246 అధికారికంగా అర్థవంతమైన ఆజ్ఞలే. కనుక ఎక్కడికి పోయినా ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. దారి తప్పానని దానికి తెలియదు. బయట నుండి చూసేవారికి దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఒక్క బిట్ మారినా ఏమవుతుందో చూడండి. ప్రాసెసర్ 218ని ఎనిమిది తీగల మీద చూస్తుంది: 11 011 010. మొదటి రెండు, చివరి మూడు తీగలు కలిసి ‘షరతుతో దూకు’ అంటాయి. నడుమ ఉన్న 011 ‘క్యారీ లేచి ఉంటే’ అనే షరతు. అర్థం విప్పటం అంటే ఇదే, తీగలు ఏ గేట్లకు పోతే ఆ పని జరుగుతుంది. ఆ నడిమి మూడింటిలో చివరి 1 చెదరి 0 అయితే అది 010, అనగా ‘క్యారీ లేవకపోతే’. అంకె 218 నుండి 210కి మారింది. ఇక నుండి బేరింగు చల్లగా ఉన్నప్పుడు గంట మోగుతుంది, కాలిపోతున్నప్పుడు మౌనంగా ఉంటుంది.

ఆర్క్ ఫర్నేస్‌లు, భారీ క్రేన్‌లు ఉండే చోట విద్యుత్ అలజడి కొత్త కాదు. అందుకే కర్మాగారపు కంట్రోలర్లలో ‘వాచ్‌డాగ్’ అనే కాలమాపకం ఉంటుంది. అది సున్న వైపుకు లెక్కించుకుంటూ పోతుంది. సరిగా నడిచే ప్రోగ్రాం ప్రతి చుట్టులోను ఒకసారి దానిని మొదటికి తిప్పాలి. ప్రోగ్రాం దారి తప్పి ఆ పని మరచిందా, కాలమాపకం సున్నకు చేరి, ప్రాసెసర్‌ను మెడపట్టి మొదటి గదికి లాక్కువస్తుంది. లేదా యంత్రాన్ని క్షేమంగా ఆపివేస్తుంది.

కాని వాచ్‌డాగ్ పట్టుకోగలిగింది దారి తప్పిన ప్రాసెసర్‌నే. సరైన దారిన నడుస్తూ తప్పు లెక్క చేసే దానిని అది పట్టుకోలేదు. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో, ధహ్రాన్ వద్ద ఒక పేట్రియట్ క్షిపణి వ్యవస్థ శత్రు క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు మరణించారు. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదవ వంతులుగా లెక్కించేది. పదవ వంతు అనేది ద్విసంఖ్యామానంలో పూర్తిగా తెగదు. 24 బిట్లకు కత్తిరిస్తే కంటికి కనబడనంత లోటు మిగులుతుంది. యంత్రాన్ని ఆపకుండా వంద గంటలు నడపటంతో ఆ లోటు పేరుకొని 0.34 సెకను అయింది. అంత కాలంలో క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. సవరించిన ప్రోగ్రాం అక్కడికి చేరింది మరునాడు. ప్రాసెసర్ ఆ వంద గంటలలోనూ ఒక్క ఆదేశాన్ని కూడా తప్పుగా అమలు చేయలేదు.

తెగిన తీగ

మన పద్నాలుగు అంకెలు పాఠానికి సరిపోతాయి గాని ‘సి’ షిఫ్టుకు చాలవు. ఉష్ణమాపకం నుండి వచ్చే తీగ తెగిందనుకుందాం. ఎలుక కొరికినా సరే, ఎవరో నిచ్చెన జరిపినప్పుడు ఊడినా సరే. ద్వారం వద్ద అంకె 0 అవుతుంది. 0 నుండి 200 తీసివేస్తే అప్పు కావాలి, జెండా లేస్తుంది, ప్రాసెసర్ వెనుకకు పోతుంది. సెకనుకు లక్షా పదకొండు వేల సార్లు చూస్తూ, ప్రతిసారి చల్లగానే ఉన్నదని తేల్చుకుంటూ, బేరింగు కరిగేవరకు అట్లాగే తిరుగుతుంది. అరచేయి ఆనించే పాతకాలపు కార్మికునికి ఈ ప్రమాదం లేదు. చేయి తగలకపోతే తగలలేదని ఆయనకు తెలుసు.

దీనికి పరిశ్రమ కనుగొన్న ఉపాయం సులువైనది. మాపకాల విద్యుత్ సంకేతం సున్న నుండి మొదలు కాదు. 4 మిల్లీ ఆంపియర్ల నుండి 20 వరకు ఉంటుంది. ఎంత చల్లగా ఉన్నా 4 రావలసిందే. అంతకు బాగా తగ్గితే తీగ తెగినట్లు. 0 నుండి 20 వరకు ఉన్న విద్యుత్తును 0 నుండి 255 వరకు అంకెలుగా కొలిస్తే, 4 మిల్లీ ఆంపియర్లు 51 అవుతుంది. మాపకం 100 డిగ్రీల వరకు కొలిచేదైతే మన హద్దు 200 సుమారు 73 డిగ్రీలు. కావున 200తో పోల్చటానికి ముందు 40తో పోల్చాలి. 40 కంటే తక్కువైతే తిన్నగా గంట వద్దకు పోవాలి. అప్పుడు ప్రోగ్రాం ఇట్లా ఉంటుంది:

219, 16, 254, 40, 218, 12, 32, 254, 200, 218, 0, 32, 62, 1, 211, 17, 195, 0, 32.

కొత్తగా చేరినవి 254, 40, 218, 12, 32 అనే ఐదు అంకెలు. చివరి రెండూ 8204వ గది చిరునామా. గంట మోగించే ఆదేశాలు ఇప్పుడు అక్కడ మొదలవుతాయి. అన్నీ సవ్యంగా ఉన్న రాత్రి ఈ కొత్త షరతు నెరవేరదు. నెరవేరని దూకుడు ఆదేశానికి పట్టేవి 7 స్పందనలే. పోల్చటానికి మరొక 7. చుట్టుకు 27 పోయి 41 స్పందనలు అయ్యాయి, కాలం 9 నుండి 13.67 మైక్రోసెకన్లకు పెరిగింది. మిల్లు చివర పట్టీ ఆ వ్యవధిలో 0.09కి బదులు 0.14 మిల్లీమీటరు కదులుతుంది.